మారుతి 800 చరిత్ర, మా కారుకు దొరికిన పాత గేర్‌బాక్సు

మా నాన్నగారు 1997 ఆగస్టులో, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకు, గ్రాట్యుటీ సొమ్ములో కొంత వెచ్చించి కొన్న తెల్లటి మారుతి 800 ఇప్పటికీ విజయనగరంలో మా ఇంటి ముందు వేపచెట్టు నీడన ఉంటుంది, వారానికి మూడు నాలుగు సార్లు రోడ్డెక్కుతుంది. ఆయన 2015లో పోయారు. 2023 ఎండాకాలంలో ఆ కారు రెండో గేరు వేసేటప్పుడు కరకరమనే చప్పుడు మొదలైంది. వానాకాలం వచ్చేసరికి మూడో గేరు తనంతట తానే న్యూట్రల్‌లోకి జారిపోసాగింది. దసరా నాటికి కారు కదలకుండా ఇంజను ఆడుతున్నప్పుడు కూడా అడుగు నుంచి ఈల వంటి మోత వినిపించేది, క్లచ్ తొక్కితే ఆగిపోయేది. ఆ కారుకు ఒక పాత గేర్‌బాక్సు వెతికి బిగించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ కారు ఎలా పుట్టిందో, ఇన్నేళ్లు ఎందుకు బతికిందో ఆ రెండు నెలల్లోనే నాకు సరిగా తెలిసింది.

ముందుగా ఒక సంగతి చెప్పాలి: ఆ గేర్‌బాక్సు పాడవడానికి కారణం మా అజాగ్రత్తే. ఎడమ చక్రానికి వెళ్లే యాక్సిల్ దగ్గర ఆయిల్ సీలు ఎండి బిగుసుకుపోయి, అక్కడి నుంచి గేర్ ఆయిల్ చుక్కచుక్కగా కారుతూ ఉండేది. కారు నిలిపే చోట నేల మీద మరక కనబడుతూనే ఉంది. అది ఇంజను ఆయిలే అనుకుని, డిప్‌స్టిక్ తీసి చూసి, మట్టం సరిగానే ఉందని తృప్తిపడి, మరక మీద ఇసుక చల్లి ఊరుకున్నాం. ఇంజను ఆయిల్ వేరు, గేర్‌బాక్సు ఆయిల్ వేరు. ఈ కారులో రెండూ వేర్వేరు గదుల్లో ఉంటాయి, ఒకదాని మట్టం చూస్తే రెండోదాని సంగతి తెలియదు. మట్టం తగ్గిన కొద్దీ పైవరసలో ఉన్న బేరింగులకు ఆయిల్ అందక, వాటి గుండ్లు గుంటలు పడ్డాయి. మేము విన్న ఈల మోత ఆ బేరింగులదే.

మా మేస్త్రి గారు సాలూరు మనిషి. విశాఖపట్నం నుంచి రాయపూర్ వైపు వెళ్లే దారిలో, కొండ ఎక్కుడు మొదలయ్యే ముందు వచ్చే పట్టణం సాలూరు. కొన్ని తరాలుగా ఆ ఊరు లారీల మీద బతికింది. లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీ కట్టేవారు, స్ప్రింగు పట్టీలు వేసేవారు, గేర్‌బాక్సులు విప్పేవారు ఒకే ఊరిలో ఇంతమంది ఉండటం మా ప్రాంతంలో మరెక్కడా చూడలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, మాటల్లో మాకది ఇప్పటికీ మా జిల్లా ఊరే. మేస్త్రి గారు పదమూడో ఏట అక్కడి లారీ షెడ్డులో పానాలు అందించే పిల్లవాడిగా చేరి, తరువాత విజయనగరం వచ్చి చిన్న కార్ల పని మొదలుపెట్టారు. కారు ఎక్కి వీధి చివరి వరకు నడిపి తిరిగి వచ్చి, దిగుతూనే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేష్టారూ, గేర్ బాక్సులో ఆయిలు సూసి ఎన్నాళ్లయ్యింది?" నేను జవాబు చెప్పలేకపోయాను. "సెకండు గేరు సింక్రో పోయింది. మెయిను బేరింగు పోయింది. అది కూయడం మొదలెట్టి సానాళ్లయ్యుంటాది, మీరే ఇనలేదు" అన్నారు. సింక్రో అంటే గేరు మార్చేటప్పుడు లోపల తిరిగే భాగాల వేగాలను సమం చేసే ఏర్పాటు.

దారులు రెండు. ఒకటి, గేర్‌బాక్సు విప్పి, అరిగిన బేరింగులు, సింక్రో రింగులు, పళ్లు అరిగిన గేర్లు, సీళ్లు అన్నీ కొత్తవి వేయడం. రెండోది, మరో కారులో నుంచి తీసిన గేర్‌బాక్సును ఉన్నదున్నట్టుగా తెచ్చి బిగించడం. మొదటిదానికి మేస్త్రి గారు వేసిన లెక్క, ఆ కారును అమ్మితే వచ్చే ధరకు దగ్గరగా తేలింది. అంత ఖర్చు పెట్టినా, తయారీ ఆగి అప్పటికే తొమ్మిదేళ్లు దాటిన కారుకు ప్రతి భాగమూ మంచి రకం దొరుకుతుందన్న భరోసా లేదు. కాబట్టి రెండో దారే పట్టాం. ఇరవై ఆరేళ్ల కిందటి కారుకు సరిపోయే గేర్‌బాక్సు ఎక్కడో ఒకచోట దొరుకుతుందని మేస్త్రి గారు అంత ధీమాగా ఎలా చెప్పగలిగారు అన్నది నన్ను ఆలోచింపజేసింది. దానికి జవాబు ఆ కారు చరిత్రలోనే ఉంది.

మారుతి అన్న పేరుతో మొదట కంపెనీ పెట్టింది సంజయ్ గాంధీ, 1971లో. సామాన్యుడికి అందే ధరలో పూర్తిగా దేశీయమైన కారు తయారు చేస్తామన్నది దాని లక్ష్యం. గుర్‌గావ్‌లో భూమి తీసుకున్నారు, షెడ్లు కట్టారు, నమూనాలు చూపించారు, కానీ జనం కొనుక్కోగల కారు బయటికి రాలేదు. 1970ల చివరికి ఆ సంస్థ మూతపడింది. 1980 జూన్‌లో సంజయ్ గాంధీ విమాన ప్రమాదంలో మరణించాక, కేంద్ర ప్రభుత్వం ఆ ఆస్తులను స్వాధీనం చేసుకుని, 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థను నెలకొల్పింది. భెల్ సంస్థను నడిపించి పేరు తెచ్చుకున్న వి.కృష్ణమూర్తి, ఐఏఎస్ అధికారిగా పనిచేసి వచ్చిన ఆర్.సి.భార్గవ దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు. విదేశీ భాగస్వామి కోసం పలు కంపెనీలతో మాట్లాడిన తరువాత, చివరికి జపాన్‌లో పెద్ద కంపెనీల మధ్య చిన్నదిగా ఉన్న సుజుకితో 1982 అక్టోబరు 2న ఒప్పందం కుదిరింది. మొదట సుజుకి వాటా 26 శాతం, మిగిలినది ప్రభుత్వానిది.

సుజుకిని ఎంచుకోవడం వల్ల మన గేర్‌బాక్సు తలరాత నిర్ణయమైందని నేను అనుకుంటాను. ఆ కంపెనీ 1909లో హమామత్సు పట్టణంలో మగ్గాల తయారీతో మొదలైంది. పొందూరు మగ్గాల చప్పుడు తెలిసిన మా ప్రాంతం వారికి ఆ సంగతి ఆసక్తిగా ఉంటుందని ప్రస్తావిస్తున్నాను. 1955లో అది తయారుచేసిన సుజులైట్ అనే చిన్న కారులోనే ఇంజను ముందు భాగంలో ఉండి, ముందు చక్రాలనే తిప్పేది. 1979లో వచ్చిన ఆల్టోను 4,70,000 యెన్‌ల ధరకే అమ్మి, చవక కారు అంటే ఏమిటో జపాన్‌లో కొత్తగా చూపించింది. అంటే తక్కువ డబ్బుతో, తక్కువ బరువుతో, తక్కువ చోటులో కారును ఇమిడ్చే విద్యలో సుజుకి అప్పటికే చేయి తిరిగినది. 1983లో మన దేశంలో వచ్చిన మొదటి మారుతి 800 ఆ ఆల్టో కుటుంబానికి చెందినదే. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, దానికి పక్కనే నాలుగు గేర్ల పెట్టె. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు హర్‌పాల్ సింగ్ అనే ఢిల్లీవాసికి అందించారు. ధర యాభై వేల రూపాయల లోపు.

అంతకు ముందు మా ఊళ్లో కారంటే అంబాసిడర్, లేదా ఫియట్ అని అందరూ పిలిచే ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్‌లో గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. గేర్‌బాక్సు ఇంజను వెనక, అక్కడి నుంచి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు కారు అడుగున వెనక్కి వెళ్లి, వెనక చక్రాల మధ్య ఉండి, మలుపుల్లో ఆ రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను తిప్పేది. పాత అంబాసిడర్లలో మొదటి గేరుకు సింక్రో కూడా ఉండేది కాదు, బండి పూర్తిగా ఆగితేగాని ఆ గేరు శబ్దం లేకుండా పడేది కాదు. మారుతి 800లో ఇవన్నీ ఒక్కచోటికి వచ్చాయి. ఇంజనును అడ్డంగా పెట్టి, దాని పక్కన ఒకే అల్యూమినియం పెట్టెలో గేర్లనూ డిఫరెన్షియల్‌నూ ఇమిడ్చి, అక్కడి నుంచి రెండు పొట్టి యాక్సిళ్లతో ముందు చక్రాలను తిప్పారు. ముందుకు నడిపే నాలుగు గేర్లకూ సింక్రో ఉంది. కాబట్టి ఈ కారులో గేర్‌బాక్సు మార్చడమంటే డిఫరెన్షియల్ కూడా మార్చడమే. పాత పెట్టె కొనేవారు ఈ సంగతి మరిచిపోకూడదు. గేర్లు బాగుండి డిఫరెన్షియల్ పళ్లు దెబ్బతిన్నా ఆ పెట్టె మనకు పనికిరాదు.

1986లో కారు ఆకారం మారి, నేటికీ మనం గుర్తుపట్టే 800 వచ్చింది. 1997లో దాని ముఖం కాస్త గుండ్రంగా మారింది. మా కారు ఆ ముఖం ఉన్నదే. 2000 ప్రాంతంలో కార్బురేటరు స్థానంలో ఇంధనాన్ని పిచికారీ చేసే పద్ధతి వచ్చింది, కొంతకాలం అయిదు గేర్ల రకం కూడా అమ్మారు. ఇన్ని మార్పుల మధ్య కూడా అడుగున ఉన్న నాలుగు గేర్ల పెట్టె మౌలికంగా మారలేదు. పోటీ కంపెనీలు నాలుగైదేళ్లకొకసారి నమూనా మార్చి, పాతదాని భాగాలను పక్కన పడేసే కాలంలో కూడా, 800 అదే ఇంజనుతో, అదే పెట్టెతో ముందుకు సాగింది. అప్పట్లో పత్రికలు దీన్ని పాతబడిన కారని విమర్శించాయి. ఆ విమర్శ కొత్త కారు కొనేవారి వైపు నుంచి న్యాయమైనదే. కానీ పదిహేనేళ్ల తరువాత అదే కారును మూడో చేతి మీదుగా కొనుక్కునే చిన్న వ్యాపారి వైపు నుంచి చూస్తే, ఆ మార్పులేనితనమే అతని పాలిట వరం. 2014 జనవరిలో తయారీ ఆగే నాటికి మొత్తం 28 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి, అందులో 26 లక్షలకు పైగా మన దేశంలోనే అమ్ముడయ్యాయి. ఒకే రకం పెట్టె లక్షలాదిగా దేశమంతా తిరిగిందన్నమాట. మేస్త్రి గారి ధీమాకు ఆధారం అదే.

మరో కారణం కూడా ఉంది. మొదట్లో చాలా భాగాలు జపాన్ నుంచి పెట్టెల్లో వచ్చి గుర్‌గావ్‌లో కూర్చబడేవి. 1985 తరువాత యెన్ విలువ బాగా పెరగడంతో ఆ దిగుమతులు భారమయ్యాయి, దేశంలోనే భాగాలు తయారు చేయించుకోవలసిన తొందర పెరిగింది. మారుతి కోసం ఎన్నో చిన్న, పెద్ద కంపెనీలు బేరింగులు, సీళ్లు, క్లచ్ ప్లేట్లు, గేర్లు తయారు చేయడం నేర్చుకున్నాయి. ఆ భాగాలు క్రమంగా విజయనగరం వంటి ఊళ్లలోని స్పేర్ పార్ట్స్ దుకాణాలకు కూడా చేరాయి. మా మేస్త్రి గారు మాత్రం తొలినాటి జపాన్ గేర్లకు ఇప్పటికీ నమస్కారం పెడతారు. ఆ ఉక్కు వేరని ఆయన నమ్మకం. పరీక్షించి చెప్పగల సాధనం నా దగ్గర లేదు గానీ, ఆయన చేతిలో పెట్టి చూపించిన ఒక పాత గేరు పళ్ల అంచులు ముప్ఫై ఏళ్లకు పైగా తిరిగినా చెక్కు చెదరలేదని నా కళ్లతో చూశాను.

రెండో గేరే ముందు ఎందుకు పోతుంది అని ఆయనను అడిగాను. ఊళ్లో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా డ్రైవరు మూడు నుంచి రెండుకు దిగుతాడు. దిగేటప్పుడు గేరు వేగమూ షాఫ్టు వేగమూ వేరుగా ఉంటాయి. ఆ రెంటినీ సమం చేసే పని ఒక సన్నని ఇత్తడి రింగుది. ఆ రింగు లోపలి వైపు ఉన్న సన్నని గాట్లు గేరు శంకువును పట్టుకుని, రాపిడితో దాని వేగాన్ని మార్చి, పళ్లు కలవడానికి దారి ఇస్తాయి. గాట్లు అరిగిపోతే పట్టు ఉండదు, వేగాలు కలవకముందే పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, మనకు కరకర వినబడుతుంది. మా కారు విషయంలో సాలూరు దాటాక వచ్చే కొండదారి, సుంకి ఘాటు కూడా తోడైంది. మా అక్క ఒడిశాలోని జయపురంలో కాపురం ఉన్న కాలంలో నాన్నగారు ఏటా మూడు నాలుగు సార్లు గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఆ కొండ ఎక్కి దిగేవారు. ఎక్కేటప్పుడు రెండో గేరు, దిగేటప్పుడు కూడా రెండో గేరు. బ్రేకు మీద కాలు పెట్టి కొండ దిగకూడదు, గేరు మీద దిగాలి అని ఆయన చెప్పేవారు. బ్రేకులకు అది మంచిదే. ఆ భారం రెండో గేరు మోసింది.

లారీ షెడ్డులో పెరిగిన మేస్త్రి గారు ఆ సందర్భంలోనే చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. పాత లారీల్లో సింక్రో లేని పెట్టెలు ఉన్న రోజుల్లో, కింది గేరుకు దిగాలంటే డ్రైవరు ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేసేవాడు. ఇత్తడి రింగు చేసే పనిని డ్రైవరు చెవితో, కాలితో చేసేవాడన్నమాట. పెట్టె దొరికేవరకు మా కారును అలాగే నడపమని ఆయన నేర్పారు. పదిహేను రోజుల్లో నాకు చేతనైంది, కరకర చాలావరకు ఆగింది.

ఇక వెతుకులాట. మొదటి పెట్టెను విశాఖపట్నంలో పాత కార్లు విప్పి భాగాలు అమ్మే ఒకరి దగ్గర, మేస్త్రి గారు వెంట లేకుండా, నేనే వెళ్లి నాలుగు వేల అయిదు వందలకు కొన్నాను. పైన శుభ్రంగా కడిగి, వెండి రంగు పూసి ఉంది. తీరా ఇంటికి తెచ్చి కింది బోల్టు విప్పితే మజ్జిగ లాంటి ద్రవం కారింది. ఆయిల్‌లో నీరు కలిస్తే ఆ రంగు వస్తుంది. వరదలోనో, తుపాను వానలోనో మునిగిన కారుదని మేస్త్రి గారు చూడగానే చెప్పారు. మా తీరంలో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్, 2018 అక్టోబరు నాటి తిత్లీ వంటి తుపానుల తరువాత నీట నానిన బండ్లు పాత సామాన్ల దుకాణాలకు చేరుతూనే ఉంటాయి. గేర్‌బాక్సు పైన గాలి ఆడేందుకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, నీరు దాని గుండా లోపలికి పోతుంది. వెంటనే ఆయిల్ మారిస్తే నష్టం లేదు, కానీ నెలల తరబడి అలా వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి. ఆ పెట్టె షాఫ్టును చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టు శబ్దం వచ్చింది. అమ్మిన మనిషి తిరిగి తీసుకోలేదు.

రెండోసారి మేస్త్రి గారు వెంట వచ్చారు. శ్రీకాకుళం దగ్గర ఒక పాకలో గుట్టగా పడి ఉన్న పెట్టెల మధ్య ఆయన గంటన్నర కూర్చున్నారు. అక్కడ మాకు మొదట చూపించినది అసలు ఈ కారుదే కాదు, మారుతి వ్యానుది. ఓమ్నీ అని పిలిచే ఆ వ్యానులో ఉన్నదీ 796 సీసీ ఇంజనే గనుక, పెట్టె కూడా ఒకటేనని కొందరు పొరబడతారు. వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద నిలువుగా ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. కాబట్టి దాని పెట్టెకు వెనక తోక వంటి భాగం ఉంటుంది, డిఫరెన్షియల్ అందులో ఉండదు. చూడగానే తేడా తెలుస్తుంది, కానీ తెలిసినవారికే. తరువాత ఆల్టో అయిదు గేర్ల పెట్టె చూపించారు. దాన్ని 800కు బిగించుకున్నవారు చాలామంది ఉన్నారు. రహదారి మీద ఇంజను నెమ్మదిగా తిరుగుతుందని సంతోషిస్తారు. అయితే గేరు రాడ్డు, మౌంటింగులు కొంత మార్చుకోవాలి. నాన్నగారి కారు ఎలా ఉన్నదో అలాగే ఉంచాలన్నది నా పట్టుదల గనుక వద్దన్నాను.

మూడోది 2004 నాటి కారుది. ఆ కారు కళింగపట్నం వైపు సముద్రపు గాలిలో దాదాపు ఇరవై ఏళ్లు ఉండి, అడుగు రేకు చిల్లులు పడి, తలుపుల కింద అంచులు రాలిపోయి, ఇక నిలబెట్టలేక విప్పేశారు. మా తీరప్రాంతంలో కార్లు ఇలాగే పోతాయి: ఉప్పుగాలి రేకును తింటుంది, అల్యూమినియం పెట్టెలో ఆయిల్‌లో మునిగి ఉన్న గేర్లను ముట్టుకోలేదు. ప్రమాదంలో నుజ్జయిన కారు పెట్టె కంటే తుప్పుతో చచ్చిన కారు పెట్టె మంచిదని మేస్త్రి గారి సూత్రం, ఎందుకంటే గుద్దుకున్నప్పుడు తగిలిన దెబ్బ, బోల్టులు బిగించే మౌంటింగు చెవుల్లో కంటికి కనబడని పగులుగా మిగిలి ఉండవచ్చు. దేశంలో మరోచోట ఇంకో రకం మరణం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేళ్లు దాటిన డీజిలు కార్లు తిరగకూడదన్న ఉత్తర్వులను 2018లో సుప్రీం కోర్టు సమర్థించాక, రేకు బాగున్న కార్లు కూడా తుక్కుగా మారాయి. మాయాపురి వంటి అక్కడి పాత సామాన్ల బజారుల నుంచి భాగాలు దూరప్రాంతాలకు చేరుతుంటాయని వ్యాపారులు చెబుతారు.

ఆయన ఆ పెట్టెను పరీక్షించిన తీరు చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. ముందు చుట్టూ తిప్పి, చెవుల దగ్గర వెల్డింగు గుర్తులున్నాయేమో గోటితో గీరి చూశారు. రంగు పూసి ఉంటే గీరకుండా నమ్మకూడదన్నారు. క్లచ్ ప్లేటు జారే షాఫ్టు మీది గాట్లు పదునుగా ఉన్నాయో, మెట్లు పడ్డాయో చూశారు. ఆ షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపారు. తిరగాలి గాని ఊగకూడదు. తరువాత గేరు రాడ్డు తగిలించి ఒక్కొక్క గేరూ వేస్తూ, షాఫ్టును చేత్తో తిప్పి, ఎక్కడైనా పట్టుకుంటోందా, లోపల ఏదైనా గలగలమంటోందా అని చెవి ఆనించి విన్నారు. గేరులో ఉంచి షాఫ్టును కదలకుండా పట్టుకుని, ఒక యాక్సిల్ వైపు తిప్పితే రెండో వైపు అదే వేగంతో ఎదురుదిశలో తిరగాలి. డిఫరెన్షియల్ బాగుందనడానికి అది నిదర్శనం. చివరకు కింది బోల్టు విప్పారు. ఆ బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దానికి సన్నని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే సహజమైన అరుగుదల. రేకుల్లాంటి ముక్కలుంటే పళ్లో బేరింగో రాలుతున్నట్టు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు గనుక, ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద పోసి ఎండలో చూశారు. బంగారు పొడిలాంటి మెరుపు ఎక్కువగా ఉంటే సింక్రో రింగులు అరిగిపోతున్నాయని అర్థం. మాకు కనబడినది తేనె రంగు ఆయిల్, అందులో అక్కడక్కడా కొద్దిపాటి మెరుపు. "ఇది పట్టుకెళ్దాం మేష్టారూ" అన్నారు. ఎనిమిది వేలకు బేరం కుదిరింది.

బిల్లు రాయించుకున్నాను, అందులో ఏ కారు నుంచి తీశారో దాని నంబరు కూడా వేయించాను. రిజిస్ట్రేషన్ కార్డులో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మాత్రమే ఉంటాయి, గేర్‌బాక్సుకు అటువంటి నమోదు లేదు. ఇంజను మారిస్తే రవాణా శాఖ కార్యాలయంలో తెలియజేయాలి. పెట్టె మారిస్తే ఆ అవసరం లేదు. ఆ సౌలభ్యం వల్లనే దొంగిలించిన కార్ల పెట్టెలు కూడా సులభంగా చేతులు మారతాయి. పాత భాగం కొన్నప్పుడు చిన్న కాగితమైనా తీసుకోవడం మనకూ మంచిది, నిజాయితీగా వ్యాపారం చేసేవారికీ మంచిది. మా కారు విషయంలో ఖర్చుకు నేను వెనుకాడకపోవడానికి ఇంకొక కారణం, పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఆ ఆగస్టులోనే మేము కట్టాం. 2027 వరకు కాగితాలు సరిగా ఉన్న కారును ఒక పెట్టె కోసం తుక్కుకు వేయడం నాకు న్యాయంగా తోచలేదు.

బిగించడానికి ఒక పగలు పట్టింది. బ్యాటరీ, స్టార్టరు, క్లచ్ కేబులు, స్పీడోమీటరు కేబులు, గేరు రాడ్డు విప్పి, యాక్సిళ్లు లాగి, ఇంజనును కింద జాకీతో నిలబెట్టి, పెట్టెను పక్కకు జరిపి దించారు. ఒక మనిషి గుండెకు ఆనించుకుని మోయగలిగినంత బరువే. పెట్టె దించినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజు బేరింగు మార్చేయాలని మేస్త్రి గారు పట్టుబట్టారు. వాటి కోసం మరో ఏడాదికి మళ్లీ అదంతా విప్పడం వృథా పని. రెండు యాక్సిల్ సీళ్లూ కొత్తవి వేశారు. 2004 నాటి పెట్టె 1997 నాటి ఇంజనుకు ఒక్క బోల్టు తేడా లేకుండా కూర్చుంది. స్పీడోమీటరును తిప్పే చిన్న గేరు మాత్రం మా పాతదే తీసి పెట్టారు. పక్కనున్న మట్టపు బోల్టు విప్పి, ఆ రంధ్రం అంచు దాకా నిండేవరకు కొత్త ఆయిల్ పోయించారు, తేదీని డ్యాష్‌బోర్డు అర తలుపు లోపలి వైపు నాతోనే రాయించారు.

పరీక్ష కోసం ఆ ఆదివారం సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కాం, మేస్త్రి గారు పక్క సీట్లో. మొదటి మలుపులో మూడు నుంచి రెండుకు దించాను. గేరు చప్పుడు లేకుండా పడింది. పైకి వెళ్లి ఒక టీ కొట్టు దగ్గర ఆపి, ఆయన కారు కింద పాకి, సీళ్ల దగ్గర వేలు పెట్టి చూసి, పొడిగా ఉన్న వేలును నాకు చూపించారు.

మా పాత పెట్టెను ఆయన షెడ్డులోనే వదిలేశాను. వారం తరువాత వెళ్లేసరికి గోనెపట్టా మీద విప్పి పరిచి ఉంది. గుంటలు పడిన బేరింగులు, అరిగిన రెండో గేరు రింగు ఒక డబ్బాలో తుక్కుకు వేసి, మిగిలినవన్నీ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టారు. మొదటి గేరు, నాలుగో గేరు, రివర్సు గేరు బాగానే ఉన్నాయి. డిఫరెన్షియల్ అప్పటికే చీపురుపల్లిలో ఒక కిరాణా వ్యాపారి 800కు వెళ్లిపోయింది. రాజాం నుంచి ఒకాయన, రాయి తగిలి పగిలిన తన పెట్టె స్థానంలో మా పెట్టె పైతొడుగు కావాలని అడిగి, బయానా ఇచ్చి వెళ్లారు.